బ్లేడు గుంజితే పారెయ్యి, చెయ్యి నొక్కకు

అల్లుడా,

మొన్న ఫోన్ల నువ్వన్న మాట నాకు నిద్ర పట్టనియ్యలే. "మామా, నా చెయ్యి మంచిగ లేనట్టుంది, షాపు ఎత్తేసి దుబాయ్ పోత" అన్నవు. గిరాకీలకు మెడ మీద గాట్లు పడుతున్నయని, ఒక పెద్దమనిషి సగం గడ్డంతోనే లేచిపోయిండని చెప్పినవు. బిడ్డా, నీ చెయ్యి నాకు తెలుసు. నీకు కత్తెర పట్టుడు నేర్పింది నేనే. అందుకే ఈ కాగితం రాస్తున్న. నిమ్మలంగ చదువు.

ముందుగాల తప్పు చేతిదా, బ్లేడుదా తేల్చుకో. మీ ఈడు పోరగాళ్లు బ్లేడు అంటే మిషన్ల తయారైంది గదా, అన్నీ ఒక్క తీరే ఉంటయనుకుంటరు. ఉండవు. పేరు ఒక్కటే, ప్యాకెట్ ఒక్కటే. ఒక బ్లేడు చెంప మీద పెట్టంగనే సాఫీగ పోతది, దాని పక్కదే వెంట్రుకను కొయ్యకుండ పట్టి గుంజుతది. మన బోధన్ చెరుకు తీరు అనుకో. నిజాంసాగర్ కాలువ నీళ్లే తాగినా, ఒక్క ఊరి బండ్లే అయినా, రసంల తీపి ఒక్క లెక్కన ఉండదు. అందుకే షక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీల రసం పరీక్ష చేసి రికవరీ లెక్క కట్టేటోళ్లు, చెరుకు పేరు జూసి కాదు.

పరీక్ష ఎట్ల చెయ్యాల్నో చెప్త. మొదటి గీత చెవి కింద, చెంప మీద గియ్యి. అక్కడ తోలు చదునుగ ఉంటది, వెంట్రుక గదువ మీద ఉన్నంత మొండిగ ఉండదు. అక్కడనే బ్లేడు గుంజిందంటే, గిరాకి కండ్లు చిట్లించిండంటే, అది బ్లేడు తప్పు. చెంప మీద మంచిగ పోయి గదువ దగ్గరనో గొంతు మీదనో పట్టేసిందంటే నీ వాటం చూసుకో. తోలు సాగదీసి పట్టుకున్నవా? నురుగు ఆరిపోయిందా? ఉస్తరా మరీ నిలువుగ పట్టినవా? బ్లేడును కాగితంలనే మడిచి రెండు ముక్కలు చేస్తవు గదా, ఒక సగం గుంజితే రెండో సగం పెట్టి చూడు. అది మంచిగ పోయిందంటే ఇగ నీ చేతి మీద అనుమానం పెట్టుకోకు. ముక్క పెట్టేటప్పుడు కూడ చూసుకో, కొన్ని బ్లేడ్లకు కాగితం అంటుకునేందుకు మైనం చుక్కలు పెడ్తరు. అది అట్లనే ఉంటే ముక్క ఉస్తరాల వంకరగ కూసుంటది, ఒక మూల పైకి లేస్తది. మెడ మీద గాట్లు శానామట్టుకు ఆ మూలతోనే పడ్తయి. అంచును మాత్రం తువ్వాలతో తుడువకు.

మా నాయిన కాలంల ఈ ముచ్చటే లేదు. పొది సంకల పెట్టుకొని ఇల్లిల్లు తిరిగేటోడు, ఏడాదికోసారి కల్లం కాడ మేర తెచ్చుకునేటోడు. ఆయనకు ఉన్నది ఒక్కటే ఉస్తరా. పొద్దుగాల సాన మీద నూరి, తోలు పట్టా మీద అటు ఇటు తీసి, చేతి మీది నూగు మీద చూసుకొని బయలెల్లేటోడు. పదును తక్కువైతే అక్కడనే మళ్ల నూరేటోడు. అంటే పదును ఆయన చేతిల ఉండె. ఇప్పుడు పదును ఎక్కడో ఫ్యాక్టరీల పెడుతున్నరు. అది తక్కువైతే నువ్వు నూరలేవు, సరిజేయలేవు. నీ చేతిల మిగిలింది ఒక్కటే, ఉంచుడా పారేసుడా. ఆ ఒక్క పని నువ్వు చేస్తలేవు అల్లుడా, అక్కడనే నాకు బాధ.

ఆ ఫ్యాక్టరీ పని కూడ అల్కటిది కాదు. జిల్లెట్ అనే అమెరికా ఆయనకు 1895ల ఈ ఆలోచన వస్తే, బ్లేడు బజారుకు వచ్చేసరికి 1903 అయింది. అంత పల్చటి ఉక్కు రేకుకు వంకర పోకుండ గట్టిదనం తెచ్చుడు ఎవ్వరికీ చేతకాలే, నికర్సన్ అనే ఇంజనీరు వచ్చినంకనే కుదిరింది. మొదటి ఏడు అమ్ముడుపోయినయి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మనం వాడే స్టెయిన్‌లెస్ బ్లేడ్లు ఇంటింటికి వచ్చింది 1962 తర్వాత, విల్కిన్సన్ స్వోర్డ్ అనే ఇంగ్లండు కంపెనీ తెచ్చినంక. దానికి ముందటివి రెండు దినాలకే తుప్పు పట్టేవి.

బ్లేడు మందం మిల్లీమీటరుల పదో వంతు. ఉక్కుల నూటికి 13 పాళ్ల దాక క్రోమియం ఉంటది. రేకును వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిల కాల్చి, ఎంటనే చల్లార్చి, సున్నా కంటే కిందికి దించి గట్టి పరుస్తరు. అటెన్క వరుసగ రాళ్ల మీద అంచు తీస్తరు, తోలు చక్రాల మీద మెరుగు పెడ్తరు. అంచుకు క్రోమియమో ప్లాటినమో పూత, దాని మీద దోశ పెనానికి ఉండే టెఫ్లాన్ పూత వేసి మళ్ల కాలుస్తరు. ఆ పూతనే వెంట్రుక మీద బ్లేడును జారనిస్తది. ఇన్ని మెట్లల ఏ ఒక్కటి అటుఇటైనా, రాయి అరిగినా, పూత ఒక దిక్కు తక్కువ పడ్డా, బ్లేడు చూసేందుకు ఒక్క తీరే మెరుస్తది. తేడా తెలిసేది చెంపకు. మంచి కంపెనీ అంటే తప్పు బ్లేడు పుట్టని కంపెనీ కాదు, పుట్టినదాన్ని గేటు దాటనియ్యని కంపెనీ. ఆ ఏరుడుకు ఖర్చయితది, ఎక్కడ పైసలు మిగుల్చుకోవాలంటే అక్కడ ముందు ఏరుడు తగ్గుతది.

ఇంకో సంగతి నిన్ను ఆశ్చర్యపెడ్తది. అమెరికాల ఎంఐటీ అనే పెద్ద చదువుల బడిల రోసియోలి అనే పరిశోధకుడు తన గడ్డం తానే గీసుకొని, ఆ బ్లేడును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసిండు. 2020ల అది సైన్స్ పత్రికల అచ్చయింది. వెంట్రుక ఉక్కు కంటే యాభై రెట్లు మెత్తది, అయినా అంచు పెచ్చులు లేస్తదట. అంచు నిదానంగ మొద్దుబారుడు కాదు, పెచ్చులే లేస్తున్నయి. ఉక్కు లోపలి అల్లిక అంతట ఒక్క తీరు లేని కాడ, వెంట్రుక వంగి ఏటవాలుగ తగిలిన కాడ ఆ పెచ్చు లేస్తది. మా నాయినకు మైక్రోస్కోపు ఎక్కడిది, గానీ గడ్డాన్ని ముందు బాగ నానబెట్టేటోడు, తోలు సాగదీసి వెంట్రుకను లేపి పట్టేటోడు. నువ్వు జల్దిల నీళ్లు చల్లి, నురుగు రాసి, రాసింది రాసినట్టే మొదలుపెడ్తవు. రెండు మూడు నిమిషాలు నాననియ్యి. నానిన వెంట్రుక మెత్తబడ్తది, మంచి బ్లేడు ఇంకా మంచిగ పోతది. చెడ్డ బ్లేడు నానబెట్టినంత మాత్రాన మంచిది కాదు, అది మాత్రం యాదిల పెట్టుకో.

ఇప్పుడు అసలు మాట. బ్లేడు గుంజినప్పుడు నువ్వు చేసే పని నేను కండ్లార చూసిన. ఇంకొంచెం నొక్కుతవు, అదే జాగల మళ్ల మళ్ల గీస్తవు. నొక్కితే వెంట్రుక తెగది, తోలు లేస్తది. గిరాకికి ఆ పూట సుర్రుమంటది, తెల్లారి ఎర్రటి పొక్కులు లేస్తయి. ఆయన కంపెనీని తిట్టడు, నిన్ను తిడ్తడు. బ్లేడు తక్కువ చేసిన పనిని చేతి బలంతోని పూర్తి చేద్దామని ఎన్నడూ చూడకు. మొదటి గీతకే గుంజితే, "ఒక్క నిమిషం అన్నా, బ్లేడు మారుస్త" అని నోరు తెరిచి చెప్పు. అందుల నామోషీ ఏం లేదు, ఆ మాట విన్న గిరాకి మళ్ల నీ కుర్చీకే వస్తడు.

పైసల సంగతంటవా? సగం బ్లేడు ఖరీదు నువ్వు తాగే చాయ్ కంటే శాన తక్కువ. సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాక కరెంటు 2021 ఏప్రిల్ నుంచి సర్కారు మాఫీ చేసింది గదా, ఆ మిగులుల కొంచెం బ్లేడ్ల మీద పెట్టు. ఒక్క మనిషికి వాడిన ముక్క ఇంకో మనిషి చెంప మీద పెట్టకు, ఎంత మంచిగ పోతున్నా పెట్టకు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి పురుగు ఎండిన నెత్తురుల కూడ వారం దాక బతుకుతది. కొత్త ముక్కను గిరాకి ముంగటనే కాగితంలకెళ్లి తియ్యి.

కొనేటప్పుడు ఒక్క దుకాణంల కొను, బిల్లు అడుగు. తక్కువకిస్తనని సంచి పట్టుకొచ్చేటోని దగ్గర తీసుకోకు. పేరున్న బ్లేడ్లకు నకిలీలు కూడ తిరుగుతయి. ప్యాకెట్ మీద తయారైన నెల, ఎమ్మార్పీ, కంపెనీ చిరునామా ఉన్నయా చూడు. కొత్త పెట్టె తీసినప్పుడల్లా బ్యాచ్ నంబర్ నోట్‌బుక్కుల రాసి, పక్కన గుంజినయి ఎన్నో అన్ని గీతలు పెట్టు. ఒకే నంబరు మీద గీతలు జమైతే మిగిలిన ప్యాకెట్లు వాపసు తీసుకపో. దుకాణపాయన ఒప్పుకోకుంటే 1915కు ఫోన్ చెయ్యి, అది వినియోగదారుల సహాయ నంబరు. ఒక్క చెడ్డ బ్లేడు కనవడంగనే కంపెనీని చెడ్డదనకు, ఒక్క మంచిది కనవడంగనే పెట్టెలకు పెట్టెలు కొనకు.

దుబాయ్ పోవుడు తప్పని నేను అంటలేను. మన జిల్లాల ఏ ఊరికి పోయినా గల్ఫ్ పైసలతో లేచిన ఇండ్లున్నయి. 2015 డిసెంబర్ల షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డంక బోధన్‌ల గిరాకి ఎంత పడిపోయిందో నేను అనుభవించిన, బతుకుదెరువు కోసం పోయేటోన్ని ఆపే హక్కు నాకు లేదు. గానీ పోతే పని కోసం పో, నా చెయ్యి మంచిగ లేదని పోకు. ఆ మాట అబద్ధం.

చివరికి ఒకటి. వాడిన ముక్కలను చెత్తబుట్టల వెయ్యకు, పొద్దున మున్సిపాలిటీ అమ్మలు చేతులతోనే ఎత్తుతరు. ఒక రేకు డబ్బా తీసుకొని మూతకు సన్నటి సందు కొట్టించు, ముక్కలన్నీ అందుల వెయ్యి. నిండినంక సందుకు టేపేసి, పైన బ్లేడ్లని పెద్దగ రాసి, చెత్త బండి ఆమెకు చెప్పి చేతికియ్యి. దసరాకు నేనొచ్చేటాళ్లకు గుంజుతున్న బ్యాచ్ ప్యాకెట్లు కొన్ని తీసి పక్కన పెట్టు, నా గడ్డం మీదనే చూద్దువు.

మీ మామ