కింది వాటా నుంచి మొదలుపెట్టు

బిడ్డా, హైదరాబాద్ నాచారంలో మీ కాలనీ సంఘానికి కార్యదర్శివి అయ్యావని మీ నాన్న ఫోన్ చేసి మురిసిపోయాడు. నాకూ సంతోషమే. వానాకాలం ముందర ఆ కుర్చీలో కూర్చున్నావంటే నీకు ధైర్యమైనా ఉండాలి, అనుభవం లేకనైనా ఉండాలి. వరద సాయానికని ఓ నిధి పోగుచేస్తున్నారట, దుప్పట్లూ బియ్యమూ ముందే కొని పెడతారట. కొనేముందు ఈ పెద్దనాయన మాట కాస్త విను.

సముద్రం ఎక్కడో ఉంది, తుపాను మనల్నేం చేస్తుందిలే అని మీటింగులో ఎవరో ఒకరు అననే అంటారు. వాళ్లకి 2020 అక్టోబరు 13 గుర్తుచెయ్యి. ఆ పొద్దున వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. మర్నాడు తెల్లారేసరికి మన పక్కనే ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన. రామంతాపూర్ చెరువు పొంగి దాని కింది కాలనీలు మునిగాయి. జనం బురద ఎత్తిపోసి, పరుపులు గోడల మీద ఆరేసుకున్నారో లేదో, 17న మళ్లీ ఉప్పల్ వైపే పదిహేను సెంటీమీటర్ల దాకా కొట్టింది. అందుకని మొదటి వాన తెరిపిచ్చిందని అటక మీది సామాను వెంటనే దింపొద్దని అందరికీ చెప్పు.

సరే, ఆ నీళ్లు ఎవరింట్లోకి వస్తాయి? మీ వీధిలో ఇళ్ల తీరు చూడు. మెట్ల కింద గదిలో వాచ్‌మెన్ కుటుంబం, గ్రౌండ్ ఫ్లోరులో అద్దెవాళ్లు, పైన ఓనరు. సంఘంలో సభ్యుడు ఓనరు, వాట్సాప్ గ్రూపులో ఉండేదీ ఓనరే. మునిగేది మాత్రం కింది వాటా. సంఘం మీటింగుకి వచ్చి సలహాలిచ్చేవాళ్లలో ఇల్లు తడిసినవాళ్లు ఒక్కరూ కనిపించరు! ఇదేమీ ఎవరి దుర్మార్గమూ కాదు, మన ఇళ్లు కట్టుకున్న పద్ధతే అంత. కానీ సాయం కూడా పైనుంచే మొదలుపెడితే కిందికి చేరేసరికి మిగిలేది పాత చీరలే.

సర్కారు సాయం సంగతీ చూశాం కదా. ఆ వరదలప్పుడు ఇంటికి 10,000 రూపాయలు ఇస్తామని 550 కోట్లు విడుదల చేశారు. ముందు సిబ్బందే గల్లీల్లోకి వచ్చి నగదు చేతికిచ్చారు. మాకందలేదు, వాళ్లకి రెండుసార్లు అందింది అని గొడవలు ముదిరాక అది ఆపేశారు. నవంబరులో మీ సేవలో దరఖాస్తు పెట్టుకోమన్నారు. చీకటితోనే వచ్చి లైన్లో నిలబడ్డ ముసలివాళ్లని నేను చూశాను. 18న ఎన్నికల సంఘం దానికీ బ్రేకు వేసింది, డిసెంబరు 1న బల్దియా ఎన్నికలు మరి. ఆ దరఖాస్తులో ఆధార్, బ్యాంకు ఖాతాతోపాటు ఇంటి పన్ను నంబరు కూడా అడిగారు. ఊరి ఆధార్‌తో ఇక్కడ బతికే అద్దెమనిషికి ఓనరు ఇంటి పన్ను నంబరు ఎక్కడ తెలుస్తుంది? వరద రోజు ఓనరు ఫోన్ ఎత్తుతాడా?

కాబట్టి నువ్వు మొదట కొనాల్సింది బియ్యం కాదు, ఒక లాంగ్ నోటుబుక్కు. ఇప్పుడే, ఎండ ఉండగానే, ప్రతి గేటూ తట్టు. కింద ఎవరుంటున్నారు, మంచం దిగలేని ముసలివాళ్లున్నారా, పసిపిల్లలున్నారా, ఇంటి పన్ను నంబరెంత, రాసుకో. ఆ నంబరు ఓ కాగితం మీద రాసి కరెంటు మీటరు పెట్టె పైన, నీళ్లందని ఎత్తులో అంటించమని ఓనర్లకి చెప్పు. కొందరు మూతి ముడుస్తారు. అద్దెవాళ్ల పేర్లు రాస్తే వాళ్లకేదో హక్కు వస్తుందని భయం. ఆ పిచ్చి భయం నవ్వుతూనే పోగొట్టు.

ఇండస్ట్రియల్ ఎస్టేటులో పనిచేసే పిల్లల్ని మరిచిపోవద్దు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చి ఒకే గదిలో అయిదారుగురు ఉంటారు. మన తెలుగు మెసేజీ వాళ్లకి అందదు. హిందీలో నాలుగు ముక్కలు నువ్వే రికార్డు చేసి పంపు.

నీళ్లు దిగిపోయాక జనం మొదట చేసేది మోటరు స్విచ్ వేయడం. అది మాత్రం చేయనివ్వకు. తడిసిన బోర్డు, మోటరు, ఫ్రిజ్ ఎలక్ట్రీషియన్ చూసేదాకా ముట్టుకోవద్దు. కరెంటు వాళ్లకి 1912, జలమండలికి 155313, ఈ రెండూ ప్రతి గేటు మీద ఉండాలి. సంపులోకి డ్రైనేజీ నీళ్లు చేరే ఉంటాయి. పైకి తేటగా కనపడుతున్నాయని మోసపోవద్దు. మొత్తం తోడించి, గోడలు తోమించి, బ్లీచింగ్ వేసి కడిగించాకే కొత్త నీళ్లు పట్టాలి. నిధిలో డబ్బుంటే దుప్పట్ల కంటే ముందు ఓ మంచి బురద పంపు, వైపర్లు, గమ్‌బూట్లు, ఇద్దరు మనుషుల కూలీ చూసుకో. అన్నం పొట్లాలు ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు. బురద ఎత్తడానికే ఎవరూ రారు.

తడిసిన కాగితాల విషయం. రేషన్ కార్డు, పిల్లల పదో తరగతి మెమో, పాసుబుక్కు అన్నీ ఒకే కవర్లో ముద్దయిపోతాయి. కంగారులో లాగితే కాగితం పొర అచ్చు అక్షరాలతో సహా ఊడొస్తుంది. మట్టి మంచినీళ్లతో నెమ్మదిగా జారనిచ్చి, ఒక్కో కాగితం పాత పేపరు మీద పరిచి, ఫ్యాను కింద నీడలోనే ఆరబెట్టాలి. ఎండలో వేస్తే ముడుచుకుని పెళుసవుతుంది. మీ కాలనీలో డిగ్రీ పిల్లలకి ఈ పని అప్పజెప్పు, ఓపిగ్గా చేస్తారు. ఎవరి మేడ మీది హాలు ఇస్తారో మాత్రం ముందే అడిగి పెట్టుకో.

ఇంకొక్కటి. ఇచ్చేటప్పుడు ఫోటోలు తీయొద్దు. లెక్క కావాలంటే నోటుబుక్కులో సంతకం తీసుకో, ఖర్చు కాగితం నోటీసుబోర్డుకి అంటించు. సంచి అందుకుంటూ కెమెరా వైపు చూడలేక తల దించుకునే మనిషి రేపు నీకు పాలు పోసేవాడే, నీ బట్టలు ఇస్త్రీ చేసేవాడే.

ఈ ఆదివారం మీటింగు ఉందన్నావు కదా. వాచ్‌మెన్లనీ, అద్దెవాళ్లనీ కూడా పేరుపేరునా పిలువు. కుర్చీలు చాలకపోతే చెప్పు, మా ఇంట్లోవి ఆటోలో పంపిస్తా.