ఇంకో పట్టీ

ఒక వస్తువు ‘ఇక మోయలేను’ అంటుంటే, దాని బరువు తగ్గించాలా, దాని నోరు మూయించాలా? ఇలా అడిగితే జవాబు చాలా తేలిక. కానీ ఈ ప్రశ్న కమాన్ కట్టల షెడ్డులో, చేతిలో ఉన్న డబ్బుల లెక్కతో కలిసి వస్తే అంత తేలిగ్గా తెగదు.

మా బాబాయికి పదమూడేళ్ళ నాటి పికప్ ఒకటుంది. ఊరు రేపల్లె దగ్గర. సీజన్ని బట్టి తెనాలికి ధాన్యం, బాపట్ల వైపు ఇటుకలు, మధ్యలో ఐసుపెట్టెల్లో రొయ్యలు. వెనక కమాన్లు బాగా కూర్చున్నాయి. ఖాళీ బండి కూడా లోడుతో ఉన్నట్టే కుంగి కనిపిస్తోంది. తెనాలిలో మేస్త్రీ మూడు దారులు చెప్పాడట. ఒకటి, పాత పట్టీలు విప్పి, మళ్ళీ వంపు కొట్టించి బిగించడం. చవక. రెండు, కంపెనీ లెక్క ప్రకారం కొత్త కట్ట, దాంతోపాటు బుష్షులు, యూ బోల్టులు, షాకబ్జార్బర్లు. మూడు, ఆ కొత్త కట్టలోనే అదనంగా ఇంకో పట్టీ. మూడోదానికి అయ్యేది రెండోదానికన్నా కాస్తే ఎక్కువ. “అందరూ అదే వేయిస్తన్నారు” అన్నాడట. బాబాయి ఫోన్ చేసి, “ఇంజనీరువి గదరా, ఏది వేయించమంటావు?” అన్నాడు.

నేను చదివింది కంప్యూటర్ సైన్సు. అయినా ఆదివారం కూర్చుని లెక్క చూశాను.

కమాన్ ఉన్నది మోయడానికే అనుకుంటాం గానీ, వంగడమూ దాని పనే. చక్రం గుంటలో పడ్డప్పుడు ఉక్కు పట్టీలు వంగి ఆ దెబ్బను తమలోకి తీసుకుంటాయి. పట్టీలు ఒకదాన్నొకటి రాసుకోవడం వల్ల కొంత, షాకబ్జార్బరు వల్ల కొంత ఆ ఊపు చల్లారుతుంది. ఒకే మందం ఉన్న ఐదు పట్టీల కట్టకి ఆరోది కలిపితే బిరుసు సుమారుగా ఐదో వంతు పెరుగుతుంది. అదే బరువుకి బండి తక్కువ కుంగుతుంది. అంతే. బ్రేకులు అవే, ఇరుసు అదే, టైర్లు అవే. వేగంగా పోతున్న బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి బరువుతో పాటే పెరుగుతుంది. ఆ పనిలో కొత్త పట్టీ చేసే సాయం ఏమీ లేదు.

1,700 కిలోల మోతకి చేసిన బండి అనుకుందాం. 75 కిలోల ధాన్యం బస్తాలు 22 వేస్తే 1,650 కిలోలు. 35 వేస్తే 2,625. మామూలు కమాన్ మీద 35 బస్తాలు వేస్తే బండి వెనక్కి కూలబడుతుంది, దారిన పోయేవాడికి కూడా తెలిసిపోతుంది. పట్టీ కలిపిన బండి అంతగా కుంగదు. ఒక్క కిలో కూడా తగ్గలేదు, కనపడటం తగ్గిందంతే. మా ఉద్యోగాల్లో ఇది రోజూ చూసేదే. సర్వరు 80 శాతం నిండగానే అలర్టు మోగి అర్ధరాత్రి నిద్ర చెడుతోందని, దాన్ని 95కి మార్చేవాళ్ళుంటారు. ఆ రాత్రి అందరూ హాయిగా పడుకుంటారు. సర్వరు మాత్రం నిండుతూనే ఉంటుంది.

సరే, బాబాయి బండి, బాబాయి రిస్కు. మధ్యలో మనకేంటి అనొచ్చు. కానీ రోడ్డు ఉంది. 1950ల చివర్లో అమెరికాలోని ఇలినాయ్‌లో లారీలు తిప్పి చేసిన పరీక్షల నుంచి ఇంజనీర్లు ఒక మోటు సూత్రం తీశారు: ఇరుసు మీది బరువు పెరిగేకొద్దీ రోడ్డుకి జరిగే నష్టం సుమారుగా దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు 20 శాతం పెరిగితే నష్టం రెండింతలు. రెట్టింపైతే పదహారింతలు. ఎండితే పగిలి, తడిస్తే ఉబ్బే నల్లరేగడి మీద వేసిన మన డెల్టా రోడ్లకి ఇది చాలు. రోడ్డు గుంటలు పడుతుంది. గుంటలకి అందరి కమాన్లూ త్వరగా కూర్చుంటాయి. అందరూ ఇంకో పట్టీ వేయిస్తారు. పట్టీ ఉంది గదా అని ఇంకో పది బస్తాలు.

ఇందులో దోషి ఎవరు? డెరెక్ పార్ఫిట్ 1984లో వచ్చిన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’ పుస్తకంలో ఒక ఊహ చేస్తాడు. వెయ్యిమంది హింసించేవాళ్ళు, వెయ్యిమంది బాధితులు. ఒక్కొక్కడు ఒక్క మీట నొక్కితే, వెయ్యిమందికీ తలా ఒక పిసరు నొప్పి పెరుగుతుంది, ఎవరికీ తేడా తెలియనంత పిసరు. వెయ్యిమందీ నొక్కేసరికి అందరూ విలవిల్లాడతారు. ‘నా మీట వల్ల ఎవరికీ ఏమీ కాలేదు’ అని ప్రతివాడూ నిజాయితీగానే అనగలడు. పార్ఫిట్ జవాబు ఏంటంటే, నా ఒక్కడి పని వల్ల ఏమైంది అని మాత్రమే అడిగితే చాలదు, మనమందరం కలిసి చేస్తున్నదేంటి అని కూడా అడగాలి.

ఇదంతా నాకు తోచిన తెలుగులో బాబాయికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “నువ్వన్నది నిజమేరా. కానీ కిరాయి ట్రిప్పుకి ఇస్తారు, బస్తాకి కాదు. ఇరవై రెండేసుకుని పోతే డీజిలు పోను ఏం మిగుల్ద్ది? నేనొద్దంటే నా వెనకే ఇంకోడు నిలబడి ఉంటాడు” అన్నాడు.

దీన్ని అత్యాశ అని కొట్టిపారేయలేం. అందరూ ఎక్కువ లోడు వేస్తారన్న లెక్క మీదే అక్కడ కిరాయి స్థిరపడింది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకి 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకీ 2,000 జరిమానా రాసి ఉంది. అది పట్టుబడ్డ రోజు కట్టేది. నియమం పాటించేవాడు మాత్రం ప్రతి ట్రిప్పుకీ బజారుకి జరిమానా కడుతుంటాడు. ఇక నియమం కూడా బ్రహ్మరాత కాదు. 2018 జూలైలో కేంద్రమే భారీ లారీల ఇరుసు పరిమితుల్ని 20–25 శాతం దాకా పెంచింది. పెద్దవాళ్ళు కాగితం మీద వేసుకున్న పట్టీ, చిన్నవాడు షెడ్డులో వేయించుకుంటే తప్పెలా అయింది? నా పార్ఫిట్ ఇక్కడ కాస్త తడబడ్డాడు. ‘మనమందరం’ అన్న మాటలో అందరి వాటా సమానం కాదు. మీట నొక్కకపోతే పూట గడవనివాడూ, మీటల గదికి అద్దె వసూలు చేసుకునేవాడూ ఒకటి కాదు.

చివరికి బాబాయి కంపెనీ కట్టే వేయించాడు. కారణం నేను చెప్పిన లెక్కల్లో లేదు. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ఖాళీగా వచ్చే బండి ఎక్కి ఊరి ఆడకూలీలు ఇళ్ళకి చేరతారు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదు, అది ఆయనకీ తెలుసు. సాయంత్రం ఆరింటికి ఆ రోడ్డు మీద వాళ్ళకి వేరే బండి లేదు. బిరుసు కమాన్ నిండా లోడుంటేనే వంగుతుంది. ఖాళీ బండిలో ప్రతి గుంటా నేరుగా వాళ్ళ నడుముల్లోకి దిగుతుంది. “బస్తాకి నొప్పి తెలవదు గదరా” అన్నాడు. కమాన్ ఎంచుకోవడమంటే దెబ్బ ఎవరి ఒంటికి తగలాలో ఎంచుకోవడమేనని అంత సూటిగా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇప్పుడు ఒక వ్యాపారి బస్తా లెక్కన కిరాయి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఇంకొకాయన ఒప్పుకోక బేరం వేరేవాళ్ళకి ఇచ్చేశాడు. అంటే ఆ 35 బస్తాలూ ఇప్పటికీ అదే రోడ్డు మీద ఎవరిదో ఒక బండిలో పోతూనే ఉన్నాయి. బాబాయి ఆదాయం మాత్రం తగ్గింది. ఒకడు మంచి పని చేసి నష్టపోయాడు, రోడ్డుకి ఒరిగిందేమీ లేదు. అలాంటప్పుడు ఆ పనికి విలువుందా? ఉందనే అనుకుంటున్నాను. రోడ్డుకి కాకపోయినా, ఆ సాయంత్రం బండెక్కినవాళ్ళ నడుములకి ఉంది. కానీ దాని ఖరీదంతా ఆయనొక్కడి మీదే పడటం న్యాయం కాదు. హైదరాబాదులో కూర్చుని ఆ బియ్యం, ఆ రొయ్యలు తినే నాబోటివాడికి కిలో మీద ఒక రూపాయి పెరిగితే గొణగడం అలవాటు. ఆ రూపాయిలో ట్రిప్పు కిరాయిని బస్తా కిరాయిగా మార్చగలిగే పైసలు ఎన్ని ఉంటాయో నేను ఇంకా లెక్కగట్టలేదు. ముందు అది చూడాలి.