డయల్‌ మీద నింద వేసే ముందు

అల్లుడూ,

కెమెరా డయల్ పాడైందనీ, వచ్చిన ధరకి అమ్మేద్దామనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. యానాం నుంచి పుదుచ్చేరి వెళ్లి చదువుకుంటూ, సెలవు రోజుల్లో వైట్ టౌన్‌లో పెళ్లి కాబోయే జంటలకి ఫొటోలు తీసి నీ ఖర్చులు నువ్వే చూసుకుంటున్నావు. అది నాకెంత గర్వమో మాటల్లో చెప్పలేను. అందుకే తొందరపడొద్దని చెబుతున్నా. తప్పు డయల్‌దా, మన వేలిదా అన్నది ముందు తేల్చుకో నాయనా.

నువ్వున్న ఊరికే 1950 ఏప్రిల్‌లో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెస్సన్ వచ్చి శ్రీ అరవిందుల్ని ఫొటోలు తీశాడు. ఆ కాలపు లైకా కెమెరాల్లో రింగు తిప్పితే లెన్సు లోపలి రేకులు నేరుగా కదిలేవి. నీ కెమెరాలో అలా కాదు. డయల్ చక్రం కింద ఉన్న చిన్న ఎన్‌కోడర్ రెండు విద్యుత్ సంకేతాలు పంపుతుంది. వాటిలో ఏది ముందొచ్చిందో చూసి, నువ్వు ఎటు తిప్పావో ప్రాసెసర్ గ్రహిస్తుంది. నువ్వు పెట్టిన మోడ్ ఒప్పుకుంటేనే అంకె మారుస్తుంది. కాబట్టి తిప్పినా ఏమీ మారలేదంటే, సంకేతమే వెళ్లలేదో, వెళ్లినా అది చెల్లలేదో చూసుకోవాలి.

ముందు చెల్లని సంగతి చూడు. ఆటోలో ఉంటే అపర్చర్ నీ చేతికి రాదు. మాన్యువల్‌లో ఉండి ఆటో ఐఎస్ఓ వదిలేశావనుకో, నువ్వు షట్టర్ స్పీడ్ మార్చినప్పుడల్లా ఐఎస్ఓ సర్దుకుంటుంది, ఫొటోలో వెలుతురు మాత్రం అలాగే ఉంటుంది. కొన్ని కానన్ కెమెరాలకి వెనకాల లాక్ మీట ఉంటుంది, సంచిలో రాసుకుని అది జరిగితే చక్రం మాట వినదు. మనం సెట్టింగులు దాచుకునే సీ1, సీ2 మోడ్‌లలో చాలా కెమెరాలు ఆపి మళ్లీ ఆన్ చేయగానే ముందు దాచిన సెట్టింగులకే వెళ్లిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువగా ఏమార్చేది ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. మిషన్ వీధిలో తెల్లటి సాంబా కోవెల చర్చి ముందు జంటని నిలబెడితే, మీటరు ఆ తెలుపుని బూడిదరంగు చేయబోతుంది. నువ్వు ప్లస్ 1 పెడతావు, అది సరైన పనే. దాన్ని సున్నాకి తేకుండా భారతి పార్కు చెట్ల నీడలోకి వెళితే మొహాలు వెలిసిపోతాయి. అప్పుడు డయల్‌ని తిట్టకు. ఆ ఫొటో వివరాలు తెరిచి చూడు. మోడ్, ఐఎస్ఓ, కాంపెన్సేషన్ అన్నీ కెమెరా రాసిపెట్టే ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా అనుమానం తీరకపోతే అపర్చర్ ప్రయారిటీలో 5.6 పెట్టి, ఒక్కో క్లిక్కు దగ్గర వేలు ఆపుతూ చక్రం తిప్పు. మూడోవంతు స్టాపుల సెట్టింగులో 6.3, 7.1, 8, 9, 10, 11 అని వరసగా రావాలి. వెనక్కి తిప్పితే అదే వరస వెనక్కి రావాలి. క్లిక్కుమన్నా అంకె కదలకపోయినా, ముందుకి తిప్పుతుంటే 8 నుంచి 7.1కి దూకినా, అప్పుడు తప్పు నీది కాదు, లోపలి కాంటాక్టులది. మోడ్ డయల్ మీద గుర్తు ఎం దగ్గరుండి తెర మీద వేరే మోడ్ కనిపించినా అంతే.

సముద్రం పక్కన అది వింతేమీ కాదు. గాంధీ విగ్రహం దగ్గర రాళ్లకి కొట్టుకున్న అలల తుంపర గాలిలో తేలి వచ్చి చక్రాల అంచుల్లో చేరుతుంది. ఉప్పు తేమని పీల్చి పట్టి ఉంచుతుంది, లోహం పాడవుతుంది. బీచి నుంచి రాగానే గట్టిగా పిండిన తడిగుడ్డతో కెమెరా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా తుడువు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచు. ఏసీ గదిలోంచి తీసుకెళ్లినప్పుడు బయటి వేడికి అలవాటు పడేదాకా సంచిలోనే ఉండనివ్వు, లేకపోతే చెమ్మ పడుతుంది.

చక్రం అంకెలు తప్పుతుంటే కెమెరా ఆపి, బ్యాటరీ తీసి, దాన్ని అటూ ఇటూ కొన్ని పదులసార్లు తిప్పు. కాంటాక్టుల మీద పలచగా పట్టిన పొర కొన్నిసార్లు ఆ ఒరిపిడికే పోతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం కొట్టకు బాబూ. ఆ నూనె లోపలికి పాకి దుమ్ముని పట్టుకుంటుంది, షట్టరు దాకా పోయే ప్రమాదమూ ఉంది. అప్పటికీ బాగుపడకపోతే నమ్మకమైన మెకానిక్‌కి ఇవ్వు. ఊరికే “పనిచేయట్లేదు” అనకు. ఏ మోడ్‌లో, ఏ చక్రం, ఎటు తిప్పితే ఏ అంకె తప్పుతోందో కాగితం మీద రాసివ్వు. వెతుకులాట తగ్గుతుంది, అక్కర్లేని మరమ్మతూ తప్పుతుంది.

ఇకనుంచి చోటు మారిన ప్రతిసారీ మోడ్, ఐఎస్ఓ, కాంపెన్సేషన్ మూడూ చూసుకున్నాకే మొదటి ఫొటో తియ్యి. పెళ్లివారు తమ సంబరాన్ని నమ్మకంగా నీ చేతిలో పెడుతున్నారు, ఆ కాస్త శ్రద్ధ వాళ్లకి మనం బాకీ. రేపే ఆ పరీక్ష చేసి ఫోను చెయ్యి. నిజంగా డయలే పోయి ఉంటే బాగుచేయించడానికయ్యే డబ్బు నేను పంపుతాను. కెమెరాని మాత్రం అమ్మకు.

నీ మావయ్య