సరస్సు మీది పొగ

పదిహేడవ శతాబ్దపు పండితుడు, ఆంధ్రదేశీయుడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో అనుమాన ప్రమాణాన్ని, అంటే కనబడిన గుర్తును పట్టుకొని కనబడనిదాన్ని నిశ్చయించే మార్గాన్ని, వివరించడానికి న్యాయశాస్త్రంలో తరతరాలుగా వస్తున్న ఉదాహరణనే తీసుకున్నాడు: కొండ మీద పొగ ఉన్నది కనుక అక్కడ నిప్పు ఉన్నది. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుందన్న వ్యాప్తి, అనగా ఎన్నడూ తప్పని సాహచర్యం, ఈ నిశ్చయానికి ఆధారం. పొగా నిప్పూ కలిసి కనబడే వంటిల్లు దానికి సపక్షం, అంటే అనుకూల దృష్టాంతం. ఆ రెండూ లేని సరస్సు విపక్షం. సరస్సు మీద మంచు కమ్మినప్పుడు దానిని పొగ అనుకునేవాడి సంగతి ఏమిటన్న శంకను కూడా భారతీయ తార్కికులు, బౌద్ధులతో సహా, విడిచిపెట్టలేదు.

ఇంట్లో గాలిని కొలిచే చిన్న మీటరు చేసే పని కూడా అనుమానమే. పీఎం 2.5, అంటే రెండున్నర మైక్రాన్లు లేదా అంతకంటే తక్కువ వ్యాసం ఉన్న ధూళికణాల బరువును అది తూచదు. అగ్గిపెట్టెంత సెన్సరులోకి బుల్లి ఫ్యాను గాలిని లాగుతుంది, ఆ గాలిలోని కణాలు లేజరు కాంతిని చెదరగొడతాయి, చెదిరిన కాంతిని బట్టి ఘనపు మీటరులో ఇన్ని మైక్రోగ్రాములని లోపలి లెక్క ఒక అంకెను ఊహిస్తుంది. రెండు మూడు వేల రూపాయలకు దొరికే ఈ సాధనం ప్రమాణమవుతుందా, లేక లక్షలు పోసినదే ప్రమాణమా అన్నది పైకి బేరంలా కనిపించినా, నిజానికి జ్ఞానమీమాంసకు, అంటే తెలియడం అంటే ఏమిటని విచారించే శాస్త్రానికి, సంబంధించిన ప్రశ్న.

కామారెడ్డి జిల్లాలో ఈ ప్రశ్నకు మంచి పరీక్ష దొరుకుతుంది. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఎల్లారెడ్డికి దగ్గరలోనే ఉన్నది; చలికాలపు తెల్లవారుజామున అటువంటి జలాశయాల చుట్టూ, తడి పొలాల మీద మంచు పట్టినప్పుడు గాలిలో తేమ బాగా పెరిగి, సూక్ష్మకణాలు ఆ తేమను పీల్చుకొని ఉబ్బుతాయి. ఉబ్బిన కణం కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది కనుక చవక మీటరు అంకె ఎక్కడికో ఎగబాకుతుంది. తర్కశాస్త్రం విపక్షమని చూపిన సరస్సు మీదనే దానికి పొగ కనబడుతుంది. అదే మీటరు యాసంగి కోతలయ్యాక, ఏప్రిల్, మే నెలల్లో, కొయ్యకాళ్లకు నిప్పు పెట్టినప్పుడు పొడిగాలిలో చూపే పెరుగుదల చాలా వరకు నమ్మదగినది. రైసు మిల్లుల ఊక దుమ్ము, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన లేచే మట్టి వంటి ముతక కణాలు మాత్రం దానికి సరిగా చిక్కవు. కనుక అక్కడ మొత్తం ధూళిని అది తక్కువ చెప్పి మోసం చేస్తుంది.

మంచులో అంకె తప్పే ఈ తీరును న్యాయశాస్త్రం ఉపాధి దోషమంటుంది. నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందనడం తప్పు, ఎందుకంటే పొగ రావాలంటే పచ్చికట్టె కూడా ఉండాలి; ఆ చెప్పని షరతే ఉపాధి. అంకె పెరిగితే ధూళి పెరిగినట్టేనన్న వ్యాప్తికి పొడిగాలి అటువంటి ఉపాధి. కాలుష్య నియంత్రణ మండళ్ల కేంద్రాల్లో వాడే బీటా కిరణాల యంత్రం లోపలికి వచ్చే గాలిని కొంత వేడి చేసి తేమను అదుపులో పెడుతుంది, వడపోత పట్టీ మీద చేరిన ధూళి ఆ కిరణాలను ఎంత అడ్డుకున్నదో చూసి బరువును తేలుస్తుంది. అదీ అనుమానమే. అదనంగా పెట్టే లక్షల్లో ఒక భాగం ఈ ఉపాధిని తొలగించడానికి అయ్యే ఖర్చు.

ఇంతకంటే జంకవలసిన సంగతి మరొకటి ఉన్నది. కార్బన్ డయాక్సైడు అంకెను కూడా చూపే అతి చవక పరికరాల్లో చాలావాటిలో ఆ వాయువును కొలిచే భాగమే ఉండదు. గాలిలోని ఆవిరి రసాయనాలను పసిగట్టి, మనుషులు ఎక్కువైతే అవీ ఎక్కువవుతాయన్న ఊహతో ఒక అంకెను తయారు చేస్తాయి. చేతులకు శానిటైజరు రాసుకున్నా ఆ అంకె లేస్తుంది. పరారుణ కాంతితో ఆ వాయువునే పట్టే సెన్సరుకు ధర ఎక్కువ, కానీ ఇక్కడ తేడా కచ్చితత్వంలో కాదు, నిజాయితీలో ఉన్నది.

జ్ఞానానికి ప్రామాణ్యం దానంతట అదే వస్తుందని, బాధకజ్ఞానం, అంటే దానిని కొట్టివేసే మరో జ్ఞానం, వచ్చేదాకా దానిని నమ్మవచ్చునని కుమారిల భట్టు మొదలైన మీమాంసకులు వాదించారు. ప్రామాణ్యం మరొక ఆధారంతో తేలవలసిందేనని నైయాయికులు అన్నారు. తెర మీది అంకెను చూసి కిటికీ మూసుకునే గృహస్థుడు తెలియకుండానే మీమాంసకుడు. నైయాయికుడు అయితే రెండో మీటరు అడుగుతాడు, దానికి మూడోది కావాలి, ఇది అనవస్థకు, అంటే అంతులేని వరుసకు, దారితీస్తుంది. ప్రయోగశాలల్లో ఈ వరుస వడపోత కాగితాన్ని తూచే త్రాసు దాకా, ఆ త్రాసు నుంచి తూకపు రాళ్ల దాకా వెళ్లి, 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచించిన కిలోగ్రాము దగ్గర ఆగుతుంది. నైయాయికుడైన ఉదయనుడు అన్నట్టు, సందేహించేవాడి సొంత నడవడికే అడ్డువచ్చే చోట సందేహానికి హద్దు పడుతుంది.

ఈ హద్దు ఎక్కడ అన్నది అడిగే ప్రశ్నను బట్టి మారుతుంది. అగరుబత్తి, సాంబ్రాణి వెలిగించాక పూజగదిలో ధూళి పెరిగిందా, తలుపు తీస్తే తగ్గిందా అన్నదానికి చవక మీటరు బాగానే జవాబిస్తుంది (ధూపంలోని పుణ్యం దాని లెక్కలోకి రాదు). ఇరవై నాలుగు గంటల సగటు మన దేశపు ప్రమాణమైన 60 మైక్రోగ్రాములు దాటిందా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన 15 లోపు ఉన్నదా అని అడిగితే దాని మాట చెల్లదు. మంచు పట్టిన రోజున ఊళ్లో నిజంగానే పొగ ఉండి అంకె కాకతాళీయంగా సరిపోయినా అది జ్ఞానం కాదు. మంట మీద మూగిన పురుగులను పొగ అనుకొని, మంట ఉన్నదని సరిగ్గానే ఊహించినవాడిని చూపి ఎనిమిదవ శతాబ్దంలో బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు ఈ మాటే చెప్పాడు.

అమెరికా పర్యావరణ సంస్థ పర్పుల్ ఎయిర్ అనే చవక సెన్సర్లను నమ్మకమైన కేంద్రాల పక్కన ఉంచి పోల్చి, ముడి అంకెను దాదాపు సగానికి తగ్గించి తేమను కూడా లెక్కలోకి తీసుకొనే సవరణ సూత్రాన్ని రూపొందించింది. కచ్చితత్వాన్ని ప్రతి ఇల్లూ విడిగా కొనుక్కోనక్కరలేదని, ఒక చోట పెట్టిన ఖర్చు చుట్టుపక్కల వేల మీటర్లకు అక్కరకు వస్తుందని దీనితో రుజువైంది. తెలంగాణలో గాలిని నిరంతరం కొలిచే కేంద్రాలు ప్రధానంగా హైదరాబాదు పరిసరాల్లోని సనత్‌నగర్, జూపార్కు, పటాన్‌చెరు వంటి చోట్ల, కామారెడ్డికి చాలా దూరంలో ఉన్నాయి. నగరపు గాలితో కుదిరిన సవరణ నిజాంసాగర్ మంచుకు, కొయ్యకాళ్ల పొగకు కుదురుతుందన్న హామీ లేదు. ఆప్తవాక్యానికి, అంటే నమ్మదగినవాడి మాటకు, శాస్త్రం ప్రమాణస్థానం ఇచ్చింది. ఎల్లారెడ్డిలో మీటరు కొన్న గృహస్థుడికి కావలసిన ఆప్తుడిని ఆ ప్రాంతంలోనే నిలబెట్టడం అతడి జేబుకు మించిన పని, ప్రభుత్వం మోయవలసిన ఖర్చు.