ఏమియు నక్కఱలేని జేజి

మా జేజి కేమియు నక్కఱలేదని మాయింట నందఱు నందురు. బంధువులు వచ్చినపుడు మేమును ఈ మాటనే గర్వముతోఁ జెప్పుకొనుచుంటిమి: "ఆమెకేమండి, ఒక ముద్ద, ఒక మూల, ఒక దుప్పటి. నోరు తెఱచి యిది కావలెనని యేనాఁడు నడిగినది లేదు." వినువారు తలయూఁచి, ఆ కాలపు మనుష్యు లట్టివారని మెచ్చుకొందురు. అటుపిమ్మట కాఫీ వచ్చును, ప్రసంగము మాఱును. ఈ మాట యామెకు మేము చేసిన స్తుతియా, లేక మాకు మేము కల్పించుకొనిన సౌకర్యమా యని కొంతకాలముగా మాకు సంశయము కలుగుచున్నది. ఆ సంశయమునే చదువరుల ముందుంచుచున్నాము.

తండ్రితల్లిని మా సీమలో జేజి యందురు. మా జేజికి 78 ఏండ్లు. పెద్దకొడుకు, అనఁగా మా నాయన, నంద్యాలలోను, చిన్నకొడుకు ఆళ్ళగడ్డలోను గాఁపురమున్నారు. మనుమలు మనుమరాండ్రు నైదుగురము. అందఱము పెరిగి పెద్దవారమైతిమి. అందఱిలోఁ జిన్నదానికి 24 ఏండ్లు. ఇట్టి యింట నొక ముసలమ్మ చూపు ప్రేమకుఁ గథలలోనివంటి సందర్భము లుండవు. ఉయ్యెలలు లేవు, జోలపాటలు లేవు. ఉన్నవన్నియుఁ జిన్నపనులే.

ఆమె తెల్లవాఱకమున్నే లేచి గోడ పట్టుకొని వంటయింటికిఁ బోవును. అక్కడ గిన్నెల మూఁతలు తీసి చూచి, రాత్రి యెవ్వరు తిని పండుకొనిరో, ఎవ్వరు తినకయే పండుకొనిరో కనిపెట్టును. మే మెంత దాఁచినను గిన్నె యామెకు నిజము చెప్పును. మా తమ్ముఁడు బెంగుళూరులోని యొక కంపెనీకి నంద్యాలనుండియే, రాత్రి రెండుగంటలవఱకు లాప్‌టాప్ ముందుఁ గూర్చుండి పనిచేయును. జేజి గ్లాసుతో మజ్జిగ తెచ్చి, పైన మూఁత పెట్టి, ఒక్క మాటయైన నాడక వెడలిపోవును. ఆ పెట్టెలోని మనుష్యులకుఁ దన గొంతు వినఁబడి మనుమని యుద్యోగమునకు మాట వచ్చునేమో యని యామె భయము. జొన్నరొట్టెలు కాల్చిన దినమున బాగుగాఁ బొంగినదాని నొకదానిని గుడ్డలోఁ జుట్టి, ఇంకను ఇల్లు చేరనివానికై యుంచును. ఎవ్వరైన నూరికిఁ బోవునపుడు, నెలకు లక్ష గడించువాఁ డైనను సరే, చేతిలోఁ బదిరూపాయల నోటు మడిచిపెట్టి గుప్పిలి మూయును.

రాగిసంగటి కెలుకుటకు ఆమె చేతులలో సత్తువ లేదు గనుక ఆ పని కోడండ్రకు విడిచినది; తడిచేతితో ముద్దలు కట్టుట మాత్ర మొరుల కీయదు. ఆ ముద్దలు సమానముగా నుండవు. మనుమల ముద్ద పెద్దది. మనుమరాండ్ర ముద్ద యంతకంటెఁ జిన్నది. కోడండ్ర ముద్ద యడుగున మిగిలినది. మా చెల్లెలి కిది చిన్ననాఁటినుండియుఁ గోపకారణము. ఆ కోపము న్యాయమైనదే. ప్రేమ యున్నచోట న్యాయము దానంతటఁ దానే యుండునని తలఁచువారు మా జేజి ముద్దలను ద్రాసులో వేసి చూడవచ్చును. ఆమెను దేవతను జేయుటకై మేమీ వ్యాసము వ్రాయుటలేదు.

ఇఁక మా సంగతి చెప్పవలెను. మా జేజినాయన గతించిన పిమ్మటఁ గొడుకు లిద్దఱు నాస్తి పంచుకొనిరి. పొలమును గట్లు పెట్టి పంచుకొనిరి. జేజిని నెలలు పెట్టి పంచుకొనిరి. రెండునెలలు నంద్యాల, రెండునెలలు ఆళ్ళగడ్డ. దీనినే వంతు లందురు. ఇది మాయింటి యాచారము మాత్రమే కాదు. పల్లెలలోను బట్టణములలోను ఎందఱో తల్లు లిట్లే వంతులమీఁద నడచుచున్నారు. నంద్యాలనుండి శిరివెళ్ళమీఁదుగా ఆళ్ళగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు, రైలు లేదు, ఆర్టీసీ బస్సే గతి. వంతు మాఱునాఁడు బస్సు ఛార్జీ పంపువాఁ డీయవలెనా, పిలుచుకొనువాఁ డీయవలెనా యని యన్నదమ్ముల నడుమ నొక మౌనవాదము నడచెడిది. జేజియే కొంగుముడి విప్పి టికెట్టు కొనుక్కొనెడిది. 2025 ఆగస్టు 15న రాష్ట్రప్రభుత్వము స్త్రీశక్తి పథకముక్రింద ఆడువారికి ఆర్టీసీ బస్సులలో ఉచితప్రయాణ మేర్పఱచుటతో ఆ వాదము తీఱినది. మా సద్బుద్ధిచేతఁ దీఱినది కాదు.

2024 సంక్రాంతికి జేజి ఆళ్ళగడ్డలో నుండెను. అహోబిల నృసింహస్వామి పారువేట సంగతి మా ప్రాంతమువా రందఱెఱిఁగినదే. దూరపు చదువరులకై చెప్పుచున్నాము. కనుమనాఁడు స్వామి పల్లకి యెక్కి బయలుదేఱి నలువది దినములకుఁ బైగా, ముప్పదికిఁ బైచిలుకు పల్లెలు తిరుగును. తన పెండ్లికి రమ్మని యూరూరికిఁ దానే వచ్చి పిలుచునని నమ్మకము. చెంచులక్ష్మిని బెండ్లాడినవాఁడు గనుక ఆ పల్లెలవా రతనిని దేవుఁ డనుటకంటె నల్లుఁ డనుటయే వాడుక. మా జేజి పుట్టినయూరును ఆ పల్లెలలో నొకటి. పల్లకి ఆ యూరు చేరునప్పటికి మాఘము వచ్చును. అప్పటికి జేజి వంతు నంద్యాలకు మాఱియుండును. ఆమె చిన్నాయన కూఁతురిచేత మాకు ఫోను చేయించి, "ఈ యేడు సామి మా ఊరికి వచ్చేదాకా నన్ను ఈడనే ఉండనీండి నాయనా" అని యడిగెను.

మేము క్యాలెండరు చూచితిమి. 16 దినములు చిన్నాయనకు అదనముగాఁ బడును. వానికి బదులు వేసవిలో మేము సర్దవలసివచ్చును. వేసవిలో మాకుఁ బ్రయాణ మున్నది. ఈ లెక్క యంతయు నామెకు మేమే విడమఱచి చెప్పితిమి. ఫోనులోఁ గొంచెముసేపు ఏమియు వినఁబడలేదు. పిమ్మట, "సరేలే నాయనా. నాకేముంది. మీకెట్ల వీలైతే అట్ల" అనెను. వంతు మాఱునాఁడు బస్సెక్కి వచ్చినది. ఆ రాత్రి ముద్దలు కట్టినది. మా ముద్ద యెప్పటివలెనే పెద్దదిగా నుండెను. నెలదినము లైన పిమ్మట మాయింటికి వచ్చిన చుట్టములతో మేము మరల ననిన మాట యేమి? ఆమె కేమియు నక్కఱలేదనియే. మా చెల్లెలు పళ్ళెము లెత్తుచు, "అడిగినప్పుడు లేదంటిరి, ఇప్పుడు అడగదంటిరి" అని లోపలికిఁ బోయినది. చుట్టముల యెదుట నట్లనవచ్చునా యని మాకుఁ గోపము వచ్చినది. ఆ కోప మెంతోసేపు నిలువలేదు.

పెద్దలు కొంద ఱిట్లందురు: ప్రేమలలో నుత్తమమైనది ఫలాపేక్ష లేనిది, జేజి ప్రేమ యట్టిది కాఁబట్టియే గొప్పది, ఆమె కోరికల నెన్నుట ఆ గొప్పతనమును దగ్గించుటయే. ఈ వాదము వినుట కింపుగా నున్నది. మేము దీనితోనే చిరకాలము సుఖముగా నుంటిమి. కాని గీత చెప్పిన నిష్కామకర్మ, చేయువాఁడు తనకుఁ దాను విధించుకొనవలసిన నియమము. పుచ్చుకొనువాఁ డెదుటివారికి వ్రాసియిచ్చు యోగ్యతాపత్రము కాదు. అప్పు తీసికొనినవాఁడు సభలో లేచి, నాకు అప్పిచ్చిన పుణ్యాత్ముఁడు మిక్కిలి వైరాగ్యవంతుఁడని పొగడినచో నెవ్వరు నవ్వకుందురు?

అదియునుగాక, ఆమె ప్రేమ నిజముగా నిష్కామమా? "తింటివా" యని యడుగువారికి బదులు కావలెను. మజ్జిగ యుంచి పోయిన మనిషి తెల్లవాఱి వచ్చి గ్లాసు ఖాళీయైనదా యని చూచును. పదిరూపాయలు చేతిలోఁ బెట్టుట, పుచ్చుకొనినవాఁడు మరల రావలెనని. ఇది వర్తకము కాదు. ఇచ్చుటలోనే యడుగుటయుఁ గలసియున్నది. పాలలో నీళ్ళవలెఁ గాదు, పాలలో వెన్నవలె. మేము ఆ రెండింటిని విడఁదీసి, ఇచ్చుటను మా పాలికిఁ దీసికొని, అడుగుటను వైరాగ్యమను పేరుతో నామె నోటనే యడఁచితిమి.

పెట్టుచేతిని గుర్తించుట మా సీమ యెఱుఁగని పని కాదు. ఉయ్యాలవాడలోని బుడ్డా వెంగళరెడ్డి 1866 కఱవులో వేలమందికి అన్నము పెట్టి ప్రాణములు నిలిపెను. విక్టోరియారాణి యతనికి బంగారు పతకము పంపెను. అతని కీర్తి జానపదుల పాటలలోని కెక్కినది. అట్టి దాతకు అంతటి కీర్తి తగినదే. కఱవునఁ బెట్టిన చేతికిఁ బాట కలదు. కఱవు లేనినాఁడు దినదినము పెట్టు చేతికిఁ బాటయు లేదు, పతకమును లేదు. ఆ చేయి మమ్మడిగినది 16 దినములు.

తల్లిని దేవతగాఁ జూడుమని యుపనిషత్తు చెప్పినది; మనము చూచుచునే యున్నాము. దేవతకు నైవేద్యము చూపి మరల మనమే తినుట మనకు వాడుక గదా! అహోబిలస్వామి మాత్ర మట్లు చూపించుకొని యూరకుండువాఁడు కాఁడు. లోకములకెల్లఁ బెట్టువాఁ డనిపించుకొనియు, పల్లెకు వచ్చి, అల్లుఁడై కూర్చుండి, పల్లెవా రిచ్చినది పుచ్చుకొనుటకు సిగ్గుపడఁడు. ఆ పల్లకిని జూడవలెనని యడిగిన యామెకే మేము పుచ్చుకొను వీలు లేకుండఁ జేసితిమి.

చచ్చినవారి కోరికల విషయమున మనవా రెంత శ్రద్ధ గలవారో చూడుఁడు. కర్మనాఁడు పిండము పెట్టి కాకికై యెదురుచూతుము. కాకి వ్రాలకున్నచో నందఱి ముఖములు చిన్నవోవును. "ఏ కోరిక మిగిలిపోయినదో" యని గుసగుసలు పుట్టును. పెద్దకొడుకు చేతులు జోడించి, నీ కోరిక తీర్చెదనని యాకసమువంకఁ జూచి మొక్కుకొనును. ఒక్కొక్కరు నొక్కొక్కటి జ్ఞాపకము చేసికొని, ఆమెకు గుత్తివంకాయ యిష్టమనియు, ఓళిగలు ఇష్టమనియుఁ దెచ్చి విస్తరిలోఁ జేర్చుదురు. ఇంటిలోఁ గూర్చున్నంతకాలము ముసలిదాని నడుగక, తుదకు చెట్టుమీఁది పక్షి నడుగుదుము! మేమును మా జేజినాయన కర్మనాఁడు అట్లే యెండలో నిలువఁబడి యడిగినవారమే.

చట్టము లేకపోలేదు. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము ప్రకారము, తమ్ముఁ దాము పోషించుకొనలేని తల్లిదండ్రులే కాక అవ్వతాతలును, కొడుకులపైననే కాక యుక్తవయస్సు వచ్చిన మనుమలు మనుమరాండ్రపైనఁ గూడఁ బోషణఖర్చు కోరవచ్చును. పోషణ యనఁగా అన్నము, వస్త్రము, నివాసము, వైద్యము అని యందుఁ గలదు. నడివీధిని విడువఁబడిన వృద్ధుల కిది యెంతయు నవసరమైన చట్టము. మే మీ నాలుగు మాటలను జదివి, మాయింట నాలుగును జరుగుచున్నవి గదా యని తృప్తిపడితిమి. జేజి యడిగినది ఆ నాలుగింటిలో లేదు. ఏ ట్రిబ్యునలును దానిని దీర్చఁజాలదు; అది చట్టము తప్పు కాదు.

ఇచ్చట మావంటివారు మఱవఁగూడని దొకటి కలదు. ముసలివారి కోరికలు తీర్పుఁడని మగవారు పత్రికలలో వ్రాసినంతనే ఆ భార మెవ్వరిపైఁ బడును? కోడండ్రపై. మేము జేజినిగూర్చి వ్యాసము వ్రాయుచున్నాము. ఆమె మాత్రలు వేళకు వేయునది మా అమ్మ. నీళ్ళు కాఁచి పోయునది మా అమ్మ. ఆ మా అమ్మకుఁ దక్కుచున్నది అడుగున మిగిలిన ముద్ద. కొడుకు తల్లికిఁ జేయవలసినది తన భార్యచేతఁ జేయించి మాతృభక్తుఁ డనిపించుకొనుట మనలోఁ బాఁతదే. మా నాయన యీ మాట చదివినచోఁ గోపపడును, చదువవలెననియే వ్రాసితిమి.

వంతులు పూర్తిగాఁ దీసివేసితిమని చెప్పుకొనఁదగినంత పని మేము చేయలేదు. ఏయింట నెన్నాళ్ళుండునో జేజియే చెప్పవలెనని మాత్రము రెండిండ్లవారము నిశ్చయించుకొంటిమి. మొదట నామె కిది నచ్చలేదు. తనను వదలించుకొనుటకు పన్నిన యుపాయమేమో యని యనుమానపడినది. చాలకాలము, ఏమడిగినను, "మీకెట్ల వీలైతే అట్ల" అనియే బదులు. అడుగుట మాన్పించినంత సులభము కాదు, మరల నడిగించుట. 2025 పారువేటకు మేమే యామెను బుట్టినయూరికిఁ గారులోఁ దీసికొనిపోయితిమి. పల్లకి వచ్చువఱకు నొకరియింటి యరుగుమీఁదఁ గూర్చుండి, తాను పేరెఱిఁగిన వారెవ్వరును ఆ వీధిలో మిగులలేదని చెప్పినది. పల్లకి వచ్చినపిమ్మట లేచి నిలువఁబడి, మమ్ము భుజము పట్టుకొనుమని యడిగినది.

మొన్న ఆళ్ళగడ్డకు బయలుదేఱుచు, ఏమి తేవలెనని ఫోనులో నడిగితిమి. "ఏమొద్దులే" అనెను. మేము ఫోను పెట్టక యూరకుంటిమి. కొంతసేపటికి, "వక్కాకు సంచి వట్టిపోయింది. నంద్యాలలో మెత్తటి వక్కలు దొరికితే పావుకిలో తే" అనెను. తీసికొనిపోయితిమి. ఆమె యొకటి నోట వేసికొని, తీసి, అఱచేతిలోఁ బెట్టుకొని చూచి, "ఇవి గట్టివి కదరా! పండ్లు లేనిదానికి ఇవా తెచ్చేది? చూసి తేవద్దా? పో, మార్చుకోని రాపో" అని మండిపడినది. మేము పొట్లము తీసికొని మరల నంద్యాల బస్సెక్కితిమి.