దోషము నెఱిగినవాని ధర్మము

అమ్మువాడు చెప్పవలసిన దెంత? కొనువాడు కనిపెట్టవలసిన దెంత? ఈ ప్రశ్న సంతలోనిదిగా తోచినను ధర్మశాస్త్రమునకు సంబంధించినది.

గురజాల ప్రాంతమున నావద్ద చదివి, యిప్పుడు అమెరికాలో నుద్యోగము చేయుచున్న శిష్యుడొకడు నాకు లేఖ వ్రాసెను. 1962 నాటి చైనాయుద్ధము పిమ్మట వంగదేశమందలి ఈశాపూరు కర్మాగారమున మన సైన్యముకొఱకు 7.62 మిల్లీమీటర్ల తుపాకులు తయారయ్యెను. వానిలో కొన్ని సేనకు మిగులై, సముద్రము దాటి, అచ్చటి యంగళ్లలో అమ్ముడుపోయినవి. స్వదేశపు ముద్ర చూచి ముచ్చటపడి యతడొకటి కొనెను. కొన్న పిదప పరీక్షింపించెను.

పరీక్ష ముందే జరుగవలసినది. మొదట తుపాకి ఖాళీగా నున్నదని నిశ్చయించుకొనవలెను. పూసిన జిడ్డును తుడిపింపవలెను. పగులు జిడ్డుక్రింద దాగును. గొట్టములోనికి వెలుగు పంపి, మెలిదిరిగిన గాడులు తేటగా నున్నవో, తుప్పు తిని గుంటలు పడినవో చూడవలెను. రిసీవరుమీది సంఖ్యను బోల్టుమీది సంఖ్యతో పోల్చవలెను. అవి వేఱైనచో రెండు తుపాకుల భాగములు కలిసియుండవచ్చును. అప్పుడు బోల్టు ముఖమునకును తూటా యానుచోటికిని నడిమి యెడమును గేజితో కొలిపింపవలెను. ఎడము మితిమీరినచో తూటా తొడుగు పగిలి, మండుచున్న వాయువు కాల్చువాని ముఖముమీదికే రావచ్చును. శిష్యుని తుపాకిలో సంఖ్యలు కలియలేదు, ఎడము మించినది. “ఉన్నది ఉన్నట్లుగా” అమ్మితినని వర్తకుడు తిరిగి పుచ్చుకొనలేదు. “నేనును అట్లే మఱియొకని కమ్మిన తప్పేమి?” యని యతని ప్రశ్న.

క్రీ. పూ. 44లో సిసిరో విధులను గూర్చి రచించిన గ్రంథమున నిట్టి వాదమే కలదు. చట్టము చెప్పుమన్న దోషములు చెప్పి, మోసము లేక అమ్మిన చాలునని డయోజనీసు పక్షము. అమ్మువా డెఱిగినది కొనువానికి మఱుగుపడరాదని ఆంటిపేటరు పక్షము. సిసిరో రెండవవానివైపే మొగ్గెను. నేనును అంతే. చినిగిన వస్త్రము కొన్నవానినే నష్టపఱచును. చెడిన తుపాకి, బేరముతో సంబంధము లేక ప్రక్కన నిలిచిన బాలుని సయితము గాయపఱచును. ఆ బాలునితో “చూచుకొనవలసినది నీవే” యని యెవడనగలడు?

కారెంపూడిలో ఏటేట కార్తికమున పల్నాటి వీరుల ఆయుధములకు పూజ జరుగును. కౌటిల్యుడు మాత్రము ఆయుధములను తఱచు చోటు మార్చి, ఎండకు గాలికి పెట్టుమనెను. కుంకుమ పెట్టుట సులభము. తుప్పు వెదకుట కష్టము. రెండవదియు పూజయే యని నా తలంపు.

“నష్టము ధనరూపమున నీకు వచ్చినది, ప్రాణరూపమున మఱియొకని కీయకుము. బాగుచేయింపుము, లేదా దోషమును కాగితముపై వ్రాసి యిచ్చి అమ్ముము” అని శిష్యునకు బదులు వ్రాసితిని.

మన దేశమున సైన్యపు తుపాకులు సామాన్యున కందవు గనుక మన కీ చర్చ యేల యని పాఠకు లనవచ్చును. నేనును అట్లే యనుకొంటిని. కాని జాబు ముగించుచుండగా, నరసరావుపేటలో నేనమ్మిన పాత సైకిలు జ్ఞప్తికి వచ్చెను. దాని ముందుచక్రపు ఫోర్కులో సన్నని పగులుండెను. కొన్నవా డడుగలేదు, నేను చెప్పలేదు. అతడెవడో, తరువాత నేమాయెనో, నేటికిని నే నెఱుగను.