పచ్చళ్ల ఆర్డర్లు చూసుకునే అమ్మలుకి

అమ్మలూ,

ఇక కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ ఆ కంప్యూటర్‌లో ఎక్కించకు. కనీసం ఈ ఆవకాయ సీజను దాటేదాకా. పచ్చళ్ల ఆర్డర్ల కోసం ఇంట్లో కంప్యూటర్ పెట్టుకున్నావని విని నేనెంత సంబరపడ్డానో మీ అమ్మనడుగు. కానీ సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి నువ్వు పెట్టి తీసేసినవాటి పేర్లు వింటుంటే బెంగగా ఉంది. పనుల జాబితాకి ఒకటి, నోట్సుకి ఒకటి, బిల్లులకి ఒకటి, సరుకు లెక్కకి మరొకటి. ప్రతిదాంట్లోనూ కొనేవాళ్ల పేర్లు మొదట్నుంచీ కొట్టుకురావడం, సగంలో ఉండగా ఇంకేదో బాగుందని ఎవరో చెబితే అటు వెళ్లిపోవడం. జాడీలు మారుస్తూ కూచుంటే ఊరగాయ ఊరదు తల్లీ.

నీ పనికి కావలసిందేమిటి? ఎవరు అడిగారు, ఏ పచ్చడి, ఎంత, డబ్బు వచ్చిందా, పార్శిల్ వెళ్లిందా. దీనికి ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. అది పుట్టిందే ఇలాంటి లెక్కల కోసం. డాన్ బ్రిక్లిన్ అనే ఆయన హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుకుంటున్నప్పుడు, బోర్డు మీద వేసిన పట్టికలో ఒక్క అంకె మారినా దాని మీద ఆధారపడ్డవన్నీ చెరిపి మళ్లీ రాయాల్సిరావడం చూసి, దీన్ని యంత్రమే చేసుకుపోతే ఎంత బాగుండునని అనుకున్నాడట. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆయన తయారుచేసిన విజికాల్క్ 1979లో యాపిల్ టూ కంప్యూటర్ మీద వచ్చింది. ఇంట్లో, చిన్న కొట్లో కంప్యూటర్ ఎందుకు అని అడిగినవాళ్లకి మొదటి గట్టి జవాబు అదే. నువ్వుల నూనె ధర పెరిగిన రోజున నువ్వు ఒక గడిలో ఆ ధర మార్చు. కేజీ ఆవకాయకి ఎంత పడుతుందో, అరకేజీ ఎంతకి అమ్మాలో అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. నువ్వు ఇన్నాళ్లూ వెతికింది ఇదే కదా.

ఎక్సెల్ ఉంటే అదే వాడు. కొనే ఉద్దేశం లేకపోతే లిబ్రె ఆఫీస్ ఉచితం. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడివడి వచ్చిన నాటినుంచీ దాన్ని అందరూ కలిసి పెంచుకుంటూ వస్తున్నారు. ఏదైనా ఒక్కటే. దాన్నే ఏడాదిపాటు వాడు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు కొట్టింది కొట్టినట్టు ప్రోగ్రాం ఉంచుతుందనుకోకు. అది చదువుతుంది, తనకి తోచిన అర్థం చెప్పుకుంటుంది. మొన్న మీ అమ్మ నీ ఫైలు చూపించినప్పుడు నా కళ్లు మొదట పడింది ఎడిసన్ చిరునామా మీద. న్యూజెర్సీలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊరు. అక్కడి జిప్ కోడ్ 08820 అనుకో. ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుంటుంది. సంఖ్యకి ముందు సున్నా ఎందుకని తీసేసి 8820 అని ఉంచుతుంది. నాలుగంకెల జిప్ కోడ్ అమెరికాలో ఉండదు. ఆ చిరునామా అంటించిన గోంగూర డబ్బా ఎక్కడెక్కడ తిరుగుతుందో చెప్పు. అమెరికా ఫోన్ నంబరు ముందు ప్లస్ పెట్టి ఖాళీలు లేకుండా కొట్టి చూడు, ఆ ప్లస్ కూడా పోతుంది.

మన ఇంటి నంబర్లు మరీనూ. బెజవాడలో 26-5-12 అని తలుపు నంబరు రాశావనుకో, అది 2012 మే 26 అయి కూచుంటుంది. అరకేజీ అనే ఉద్దేశంతో 1/2 అని కొడితే ఫిబ్రవరి ఒకటో తారీఖు! పదహారంకెల నంబరు ఏదైనా కొడితే చివరి అంకె సున్నాగా మారిపోతుంది, ఎందుకంటే ఎక్సెల్ సంఖ్యలో పదిహేను అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. ఇది నీ ఒక్కదానికే వచ్చిన ఇబ్బంది కాదు. సెప్టెంబరుకీ మార్చికీ దగ్గరగా వినిపించే పేర్లున్న జన్యువులు శాస్త్రవేత్తల పట్టికల్లో తేదీలైపోతుంటే, చివరికి జన్యువులకి పేర్లు పెట్టే సంఘమే 2020లో ఆ పేర్లు మార్చింది. అంత చదువుకున్నవాళ్లకే తప్పలేదు.

మందు సులువే. చిరునామా, ఫోన్, జిప్ కోడ్ రాసే నిలువు వరసల్ని ముందుగా ఎంచుకుని, పైన హోమ్‌లో ‘జనరల్’ అని ఉన్నచోట ‘టెక్స్ట్’ పెట్టు. కొట్టకముందే పెట్టాలి సుమా, పోయిన సున్నా తర్వాత పెడితే తిరిగి రాదు. ఒక్క గడికే అయితే ఎంటర్ పక్కనున్న ఒంటి కోట్ గుర్తు ముందు కొట్టి, ఆ తర్వాత నంబరు కొట్టు. గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తే కంగారుపడకు, ‘ఇది సంఖ్యలా ఉందే’ అని అడుగుతోందంతే. వదిలేయి. బరువులకి 1/2 బదులు 0.5 రాయి.

ఇంకో చిన్న గుర్తు చెబుతాను, నాకు ఎంతో అక్కరకొచ్చింది. ఎంటర్ కొట్టగానే గడిలోని మాట ఏ పక్కకి జరిగిందో చూడు. కుడి అంచుకి అంటుకుంటే సంఖ్యగానో తేదీగానో తీసుకుందన్నమాట. ఎడమ పక్కనే ఉండిపోతే నువ్వు రాసింది రాసినట్టు ఉంచింది. చిరునామాల వరసలో ఏ ఒక్కటి కుడికి జరిగి కనిపించినా ఆగి, దాన్ని సరిచేశాకే ముందుకెళ్లు.

ఇది అలవాటైతే రెండోది చెప్పొచ్చు. నువ్వు దేంట్లో రాసినా, అందులోంచి నీ సమాచారం నీకు తిరిగి వస్తుందో లేదో ముందే చూసుకో. ఈ మాట నేనెందుకు ఇంత పట్టుబట్టి చెబుతున్నానో విను. నేను డీటీపీ చేసిన రోజుల్లో తెలుగు ఫాంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల స్థానంలో మన అక్షరాల బొమ్మలు కూచోబెట్టినవే. తెర మీద ముత్యాల్లా ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు కలగాపులగంగా వచ్చేవి. మా దగ్గర కథల పుస్తకం వేయించుకున్న ఒక మాస్టారు, కొన్నేళ్ల తర్వాత రెండో ముద్రణ వేసుకుందామని తన సీడీ పట్టుకొచ్చారు. అప్పటికి ఆ ఫాంటు మా దగ్గరా లేదు. ఆయన రాసిన ప్రతి వాక్యమూ ఫైల్లో ఉంది, ఒక్క వాక్యమూ చదవడానికి లేదు. పాత పుస్తకం ఎదురుగా పెట్టుకుని మొత్తం మళ్లీ కొట్టాం. ఆయన పక్కన కూచుని ప్రూఫులు చూస్తుంటే మనసు చివుక్కుమనేది. ఏ భాష అక్షరాలకి ఆ స్థానాలు విడిగా ఇచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగు ఉంది, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. అయినా అచ్చు పని చేసేచోట్ల పాత ఫాంట్లు చాలాకాలం నడిచాయి. నువ్వు మాత్రం కొనేవాళ్ల పేర్లు తెలుగులో రాసుకుంటే యూనికోడ్‌లోనే రాయి. వెతికితే దొరుకుతాయి, అకారాది క్రమంలో పేర్చుకోవచ్చు, ఫోన్‌లోకి పంపినా చెదరవు.

ప్రోగ్రాములు ఎల్లకాలం ఉండవు. ఇళ్లలో వాడుకోవడానికని ఒకప్పుడు కొత్త కంప్యూటర్లతో పాటే వచ్చిన మైక్రోసాఫ్ట్ వర్క్స్‌నే చూడు, ఇప్పుడెక్కడుంది? అందులో రాసుకున్న పాత ఫైళ్లను ఇవాళ లిబ్రె ఆఫీస్ తెరుస్తుందంటే ఎవరో ఓపిగ్గా ఆ దారి వేశారు కాబట్టి. అందుకే ఏ యాప్ అయినా నచ్చితే ముందు రెండు మూడు పేర్లు ఎక్కించి, ‘ఎక్స్‌పోర్ట్’ ఎక్కడుందో వెతికి, బయటికి తీసి చూడు. అది దొరక్కపోతే మిగతా సొగసులేవీ చూడనక్కర్లేదు.

వేరే ప్రోగ్రాములకి ఇవ్వడానికని ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా దాచేటప్పుడు జాబితాలో ‘యూటీఎఫ్-8’ అని ఉన్నదాన్నే ఎంచుకో. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. మూసేశాక అవి మళ్లీ పేర్లు కావు. అసలు ఫైలును ఎప్పుడూ దాని సొంత రూపంలోనే ఉంచుకుని, సీఎస్‌వీని నకలుగా వాడు.

నెల రోజులు ఉచితం అనేవాటి దగ్గర కార్డు నంబరు ఇవ్వకు. ఇచ్చినవి ఉంటే ఆటోపే ఆపించు, ఇవాళే.

కరెంటు సంగతి నీకు చెప్పాలా? ఎక్సెల్ తనంతట తాను దాచుకునేది మామూలుగా పది నిమిషాలకోసారి. పది నిమిషాల్లో నువ్వు ఎన్ని ఆర్డర్లు ఎక్కిస్తావో నాకు తెలుసు. ఒక్కో ఆర్డరు పూర్తవగానే కంట్రోల్, ఎస్ నొక్కు. చేతికి అలవాటైపోతే ఆలోచించనక్కర్లేదు. రాత్రి పడుకోబోయే ముందు ఫైలుకి ఆ రోజు తేదీ పేరులో చేర్చి పెన్ డ్రైవ్‌లో ఒక నకలు పెట్టు. గూగుల్ డ్రైవ్‌లో పదిహేను జీబీ ఉచితంగా ఇస్తారు, అందులో ఇంకొకటి. పెన్ డ్రైవ్‌ని మాత్రం కంప్యూటర్‌కే గుచ్చి వదిలేయకు, బీరువాలో పెట్టు.

ఫైలు ఎక్కడుందో, దేనికేం పేరు పెట్టావో అల్లుడికి కూడా చూపించు. పక్కన కూచోబెట్టుకుని ఒక ఆర్డరు అతని చేతే ఎక్కించు. మామిడికాయలు దిగే రోజుల్లో నీకు జ్వరం వచ్చి పడుకున్నా పార్శిళ్లు ఆగకూడదు కదా.

మీ పెద్దమ్మ